దాత పేరుతో స్కాలర్‌షిప్ వచ్చింది, మేం కట్టేది మాత్రం ఒక్క డాలర్ తగ్గలేదు. ఇదెలా?

డల్లాస్_నాన్న
మా వాడు ఈస్ట్ కోస్ట్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో చదువుతున్నాడు, ఈ ఫాల్‌కి సెకండ్ ఇయర్. కాలేజీ పేరు ఇక్కడెందుకులెండి. పోయిన వారం ఒక ఉత్తరం వచ్చింది. ఫలానా కుటుంబం వాళ్ల స్మారక స్కాలర్‌షిప్‌కి ఎంపికయ్యావు, 18,000 డాలర్లు అని. ఇంట్లో పండగే. వాళ్లమ్మ అప్పటికప్పుడు ఇండియాకి ఫోన్ చేసి అమ్మమ్మకి చెప్పేసింది. రెండు రోజుల తర్వాత పోర్టల్‌లో కొత్త అవార్డ్ లెటర్ పెట్టారు. నిరుడు "యూనివర్సిటీ గ్రాంట్ 52,000" అని ఒకే లైను ఉండేది. ఇప్పుడు రెండు లైన్లు: యూనివర్సిటీ గ్రాంట్ 34,000, దాని కింద దాత పేరుతో 18,000. కూడితే మళ్లీ అదే 52,000. మేం కట్టాల్సిన వాటా ఎక్కడిది అక్కడే ఉంది.

పైగా దాతకి థాంక్యూ లెటర్ రాయాలట, దానికో గడువు. "నాకు కొత్తగా ఏం వచ్చిందని రాయాలి నాన్నా?" అంటున్నాడు వాడు. దాత పిల్లల కోసం ఇచ్చిన డబ్బు కాలేజీ జేబులో వేసుకున్నట్టు కాదా ఇది?

బే_ఏరియా_బాబాయి
అచ్చంగా అదే. కుడిచేత్తో ఇచ్చి ఎడంచేత్తో లాక్కోవడం.

శ్రావణి_ఎన్‌జే
మా పాపకీ ఇదే జరిగింది. మొదటి ఏడు ఒక దాత పేరు, రెండో ఏడు ఇంకో దాత పేరు. మొత్తం మాత్రం అంతే. మేం అడగలేదు, ఉన్నదే తీసేస్తారేమోనని భయం.

ఎయిడ్_ఆఫీస్_అక్క
నేను ఒక యూనివర్సిటీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. శ్రావణి గారూ, అడిగినందుకు ఎవరూ ఏమీ తీసేయరు. ఆ భయం పెట్టుకోకండి.

డల్లాస్ గారి విషయానికి వస్తే, ముందు కాలేజీలో ఏం జరుగుతుందో చూడండి. ఫాఫ్సా (ఫెడరల్ ప్రభుత్వ ఎయిడ్ ఫారం), సీఎస్‌ఎస్ ప్రొఫైల్ (కాలేజీలు తమ సొంత ఎయిడ్ కోసం అడిగే ఫారం) చూసి మీ కుటుంబం ఎంత కట్టగలదో లెక్క వేస్తాం. కాలేజీ మొత్తం ఖర్చులోంచి దాన్ని తీసేస్తే వచ్చేది మీ అవసరం. ఆ అవసరం మొత్తం తీరుస్తామని మాట ఇచ్చే కాలేజీలు కొన్ని ఉన్నాయి, మీ వాడిది అలాంటిదే అనిపిస్తోంది. అక్కడ ముందు "ఈ అబ్బాయికి 52,000" అని తేలుస్తారు. ఆ 52,000 ఏ ఖాతాలోంచి కట్టాలన్నది ఆ తర్వాతి పని. దాతలు పెట్టిన నిధులు వందల్లో ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో షరతు. ఈ ఊరి పిల్లలకి, కెమిస్ట్రీ చదివేవాళ్లకి, ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్టు ఎక్కినవాళ్లకి, ఇలా. వేసవిలో కూర్చుని ఏ విద్యార్థి ఏ నిధికి సరిపోతాడో జత చేస్తాం. మీ వాడు ఒకదానికి సరిపోయాడు. అతని 52,000లో 18,000 ఇప్పుడు ఆ నిధి కడుతోంది.

అందుకే కొత్త డబ్బు రాలేదు. నిరుడు కూడా ఎవరో ఒక దాత డబ్బు అందులో ఉండే ఉంటుంది, పేరు రాయకుండా.

బే_ఏరియా_బాబాయి
అక్కా, మరి ఆ 18,000 కాలేజీకి మిగిలింది కదా. అది ఎటు పోయింది? దాతకి తెలుసా ఈ సంగతి?

ఎయిడ్_ఆఫీస్_అక్క
ఎయిడ్ బడ్జెట్‌లోనే ఉంటుంది బాబాయ్. మీరు అనుకుంటున్నట్టు 52,000 ముందే ఎక్కడో మూటగట్టి ఉండదు. దాతల నిధులు ఇంత ఇస్తాయని అంచనా వేసుకునే ఏటా ఎంతమందికి ఎంత ఇవ్వగలమో తేలుస్తారు. ఆ నిధులు లేకపోతే మొదటి 52,000 మాటే ఇవ్వలేరు. ప్రిన్స్‌టన్ 2001లో అప్పులు తీసేసి వాటి బదులు గ్రాంట్లు ఇవ్వగలిగిందంటే వెనక అంత ఎండోమెంట్, అంటే అసలు కదపకుండా రాబడి వాడుకునే శాశ్వత నిధి, ఉండబట్టే.

దాతకి తెలుసా అంటే, పెద్ద కాలేజీల్లో ఒప్పందం రాసుకునేటప్పుడే ఇలాగే వాడతామని చెబుతారు.

బే_ఏరియా_బాబాయి
దాతకి చెబుతున్నారు, సరే. పిల్లాడికి, తల్లిదండ్రులకి ఎందుకు చెప్పరు? "అభినందనలు, 18,000" అని ఉత్తరం పంపితే ఎవరైనా ఏమనుకుంటారు? "మీ మొత్తం ఎయిడ్ మారదు" అని మొదటి లైన్లో రాయడానికి ఎంత సిరా ఖర్చవుతుంది?

ఎయిడ్_ఆఫీస్_అక్క
ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఉత్తరం పంపేది దాతల సంబంధాలు చూసే ఆఫీసు, లెక్క చూసేది మేము. మా దగ్గర ఆ వాక్యం పెట్టించడానికి నేనూ చాలా పోరాడాను. ఇప్పుడు పెడుతున్నారు.

పిట్స్‌బర్గ్_శాస్త్రి
దాత వైపు నుంచి కూడా చెప్పాలి కదా. నేను పెద్ద దాతనేం కాదు. ఎంఎస్ చేసిన స్టేట్ యూనివర్సిటీలో మా నాన్నగారి పేరు మీద ఒక చిన్న నిధి పెట్టాం. ఆయన జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. అక్కడ కనీసం 25,000 డాలర్లు పెట్టాలన్నారు, ఐదేళ్లలో కట్టొచ్చన్నారు. ఆ అసలు ఎవరూ ముట్టుకోరు. యూనివర్సిటీ దాన్ని మిగతా నిధులతో కలిపి మదుపు పెడుతుంది, ఏటా సుమారు 4 శాతం ఖర్చుకి తీస్తుంది. అంటే ఏడాదికి వెయ్యి డాలర్లు, ఒక విద్యార్థికి.

మనవాళ్లకి సులువుగా చెప్పాలంటే గుళ్లో శాశ్వత అన్నదానానికి కట్టినట్టే. మనం కట్టిన అసలు బ్యాంకులో ఉంటుంది, దాని మీద వచ్చేదాంతో ఏటా మన పేరు మీద భోజనం పెడతారు.

ఇది ఎప్పుడూ సాఫీగా సాగుతుందనుకోకండి. 2008లో మార్కెట్ పడినప్పుడు నిధి విలువ మేం ఇచ్చిన అసలు కంటే కిందకి పోయింది. ఆ తర్వాతి ఏడు ఎవరికీ ఇవ్వలేదు. ఉత్తరం వచ్చినప్పుడు చాలా బాధేసింది.

ఓరుగల్లు_రవి
శాస్త్రి గారూ, ఎవరికి ఇవ్వాలో మీరే ఎంచుకోవచ్చా? మా బావ కొడుకుని పంపిస్తా 😀

పిట్స్‌బర్గ్_శాస్త్రి
కుదరదు రవీ 😀 ఫలానా మనిషికే అని చెప్పి ఇస్తే అది విరాళం కిందే రాదు, పన్ను మినహాయింపు పోతుంది. షరతులు మాత్రం పెట్టుకోవచ్చు, ఎంపిక యూనివర్సిటీది. మేం మొదట తెలుగు పిల్లలకే అని అడిగాం. పుట్టిన దేశాన్ని బట్టి, జాతిని బట్టి పెట్టకూడదని వాళ్ల లాయరు చెప్పాడు. 2023లో అడ్మిషన్లలో జాతిని చూడకూడదని సుప్రీంకోర్టు హార్వర్డ్ కేసు తీర్పు వచ్చాక యూనివర్సిటీలు పాత ఒప్పందాలు కూడా మళ్లీ తిరగేస్తున్నాయట. చివరికి "ఇంజినీరింగ్, డబ్బు అవసరం ఉన్నవాళ్లు, ఇంట్లో మొదటిసారి కాలేజీకి వచ్చినవాళ్లు" అని రాయించాం. మా నాన్నగారు అయినా అదే అడిగేవారు.

శ్రావణి_ఎన్‌జే
ఏడాదికి వెయ్యి అంటే ఇక్కడి ఫీజుల్లో ఏ మూలకి సరిపోతుంది అనిపిస్తుంది. తప్పుగా అనుకోకండి.

పిట్స్‌బర్గ్_శాస్త్రి
ఎందుకు అనుకుంటాను, మా ఆవిడా అదే అంది. కానీ ఆ తర్వాత ఒక అమ్మాయి ఉత్తరం రాసింది. రాత్రిళ్లు గ్యాస్ స్టేషన్లో పనిచేసేదట. ఆ వెయ్యితో సెమిస్టర్ పుస్తకాలు కొనుక్కుని, ల్యాబ్ ఫీజు కట్టి, మిడ్ టర్మ్స్ ముందు వారానికి రెండు రాత్రుల షిఫ్టు మానేశానని రాసింది. థర్మోడైనమిక్స్‌లో బి ప్లస్ వచ్చిందని కూడా. ఆ ఉత్తరం మా హాల్లో నాన్నగారి ఫోటో పక్కన ఫ్రేము కట్టించి పెట్టాం. డల్లాస్ గారూ, మీ వాడి చేత ఉత్తరం రాయించండి. అవతల చదివేది కాలేజీ కాదు, మాలాంటి మనుషులు.

ఓరుగల్లు_రవి
స్టేట్ యూనివర్సిటీలో మాత్రం ఇలాంటివి నిజంగానే పైన వచ్చి చేరతాయి. మా వాడికి గ్రాంటు, లోను అన్నీ పోగా ఇంకా 9,000 తక్కువ పడింది. యూనివర్సిటీ పోర్టల్‌లో స్కాలర్‌షిప్‌లకి వేరే అప్లికేషన్ ఉంది, ఒకే ఫారం, ఒకే వ్యాసం. అది నింపితే వాళ్ల సిస్టమే ఏ దాత నిధికి సరిపోతాడో చూసుకుంటుంది. రెండు తగిలాయి, 1,500 ఒకటి, 2,000 ఒకటి. రెండూ అచ్చంగా మా బిల్లులోంచి తగ్గాయి. ఆ ఫారం గురించి మా వాడి స్నేహితుల్లో సగం మందికి తెలియనే తెలియదు.

ఎయిడ్_ఆఫీస్_అక్క
రవి గారు చెప్పింది అందరూ రాసిపెట్టుకోండి. తేడా అంతా అక్కడే ఉంది. అవసరం పూర్తిగా తీర్చే కాలేజీలో దాత డబ్బు కాలేజీ ఇచ్చిన మాటలో కలిసిపోతుంది. అవసరంలో కొంతే తీర్చే చోట, అంటే చాలా కాలేజీల్లో, ఆ మిగిలిన గుంట పూడ్చడానికి వాడతారు. కాబట్టి కాలేజీ ఎంచుకునేటప్పుడే "అవసరం మొత్తం తీరుస్తారా, గుంట వదిలేస్తారా" అని అడగాలి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. చాలా ప్రైవేటు కాలేజీల్లో "గ్రాంట్" అని రాసేదాంట్లో దాత డబ్బు కొంచెమే, మిగతాదంతా కాలేజీ ఫీజులో తగ్గింపే. ప్రైవేటు కాలేజీల్లో ఫస్ట్ ఇయర్ ట్యూషన్ మీద సగటు తగ్గింపు ఇప్పుడు సగానికి పైనే ఉంది.

బే_ఏరియా_బాబాయి
మరి బిలియన్ల ఎండోమెంట్ ఉన్న కాలేజీలు అందరికీ చదువు ఫ్రీగా ఎందుకు చెప్పవు? కూర్చుని తిన్నా తరగని డబ్బు.

ఎయిడ్_ఆఫీస్_అక్క
ఆ డబ్బు ఒకే ముద్ద కాదు. వేల నిధులు. ఒకరు లైబ్రరీకని, ఒకరు ప్రొఫెసర్ పదవికని, ఒకరు రోయింగ్ టీముకని ఇచ్చి ఉంటారు. రోయింగ్ డబ్బు తీసి ఎయిడ్‌లో పెట్టడానికి లేదు. షరతు మార్చాలంటే దాత ఒప్పుకోవాలి, దాత లేకపోతే చాలాసార్లు కోర్టుకే వెళ్లాలి. 2017 చట్టంలో పెద్ద ఎండోమెంట్ల ఆదాయం మీద 1.4 శాతం పన్ను వేశారు. 2025 చట్టంలో అదే పన్నును విద్యార్థి తలకి ఎంత ఎండోమెంట్ ఉందో చూసి 8 శాతం దాకా పెంచారు. ఎయిడ్ ఇచ్చే డబ్బు మీద దాని దెబ్బ పడుతుందని మా అందరికీ టెన్షన్‌గానే ఉంది.

అయినా ఎయిడ్‌కే అని ఇచ్చినప్పుడు ఏం జరుగుతుందో చూశాం. 2018లో మైకేల్ బ్లూమ్‌బర్గ్ జాన్స్ హాప్‌కిన్స్‌కి అండర్‌గ్రాడ్ ఎయిడ్ కోసమే 1.8 బిలియన్ డాలర్లు ఇచ్చాడు. డబ్బు కట్టగలరా లేదా అని చూడకుండా సీటు ఇవ్వడం శాశ్వతం చేశారు, ఎయిడ్‌లోంచి అప్పులు తీసేశారు.

వరంగల్_వాణి
ఇదేం కొత్త కాదండీ. హార్వర్డ్‌లో మొదటి స్కాలర్‌షిప్ నిధి 1643లో పెట్టారు. లండన్‌లో ఉండే ఆన్ రాడ్‌క్లిఫ్ అనే ఆవిడ 100 పౌండ్లు ఇచ్చింది, పేద విద్యార్థుల కోసం. ఆవిడ పేరే 1894లో ఆడపిల్లల కాలేజీకి పెట్టారు.

సాయి_జూనియర్
నేను విద్యార్థినే. నాకూ దాత పేరుతో స్కాలర్‌షిప్ ఉంది, నాకూ మొత్తం మారలేదు. మొదటి ఏడాది ఉత్తరం చాలా చప్పగా రాశా. నాలుగు లైన్లు, ఇంటర్నెట్‌లో దొరికే నమూనాలా. తర్వాత స్ప్రింగ్‌లో దాతలతో లంచ్ పెట్టారు. నా ఎదురు కుర్చీలో ఎనభై దాటిన ఒకావిడ. స్కాలర్‌షిప్ వాళ్లాయన పేరు మీద ఉంది. ఆయనా ఇదే కాలేజీలో ఎయిడ్ మీదే చదివాడట, డైనింగ్ హాల్లో గిన్నెలు కడిగేవాడట. నా జీపీఏ అడగలేదు. "తిండి సరిపోతోందా?" అని అడిగింది. అమ్మ పంపిన ఆవకాయ సీసా గురించి చెప్పా. అది ఎలా పెడతారు, ఎండలో ఎన్నాళ్లు పెట్టాలి, నూనె ఏది అని పది నిమిషాలు అడిగింది. రెండో ఏడాది ఉత్తరం రెండు పేజీలు వచ్చింది, కష్టపడకుండా.

శ్రావణి_ఎన్‌జే
సాయీ, ఆవకాయ ఎండలో పెట్టరు నాన్నా, ముక్కలు తుడిచి ఆరబెడతారంతే. మీ అమ్మని అడిగి ఆవిడకి సరిగ్గా చెప్పు 😀

సాయి_జూనియర్
మా అమ్మ మాగాయ కూడా పంపింది ఆంటీ, అది ఎండబెడతారు. రెండూ కలిపి చెప్పినట్టున్నా 😀

గుంటూరు_గీత
పక్కదారి పట్టించకండి, నాకు ఆకలేస్తోంది. నా ప్రశ్న వేరే. కాలేజీ ఇచ్చేది కాదు, బయట సంస్థ ఇచ్చే స్కాలర్‌షిప్. మా అమ్మాయికి మా ఊరి రోటరీ వాళ్లు 5,000 ఇచ్చారు. దాన్ని కూడా కాలేజీ ఇలాగే సర్దేస్తుందా?

ఎయిడ్_ఆఫీస్_అక్క
కాలేజీని బట్టి. బయట నుంచి వచ్చింది మాకు చెప్పి తీరాలి. అన్నీ కలిపితే కాలేజీ ఖర్చుని దాటకూడదు, ఫెడరల్ ఎయిడ్ ఉంటే లెక్కలు ఇంకా గట్టిగా ఉంటాయి. మంచి కాలేజీలు ముందు లోను తగ్గిస్తాయి, తర్వాత వర్క్ స్టడీ (చదువుకుంటూ చేసే పార్ట్‌టైం పని), వేసవిలో పిల్లలు సంపాదించాలని పెట్టిన మొత్తం. ఇవన్నీ అయ్యాకే గ్రాంటు మీద చెయ్యి వేస్తాయి. కొన్ని చోట్ల నేరుగా గ్రాంటే కోసేస్తారు.

శ్రావణి_ఎన్‌జే
మాకు నేరుగా కోసేశారు. పాప నాలుగు నెలలు వ్యాసాలు రాసి తెచ్చుకున్న 3,000. ఏడ్చేసింది.

బే_ఏరియా_బాబాయి
ఇది అన్యాయం. దాత వేరు, కాలేజీ వేరు. లాభం మాత్రం కాలేజీకి. ఇక్కడ నేను అక్కతో కూడా రాజీపడను.

వరంగల్_వాణి
దీని మీద చట్టాలు వచ్చాయి బాబాయ్. 2017లో మేరీల్యాండ్ మొదట చేసింది, ప్రభుత్వ కాలేజీల్లో బయటి స్కాలర్‌షిప్ చూపించి కాలేజీ గ్రాంటు తగ్గించకూడదని. తర్వాత ఇంకొన్ని రాష్ట్రాలు చేశాయి. మీ కాలిఫోర్నియాలో 2022లో చేశారు, ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంటుకి అర్హత ఉండేంత తక్కువ ఆదాయం వాళ్ల పిల్లలకి రక్షణ.

ఎయిడ్_ఆఫీస్_అక్క
గీత గారూ, ఈ మూడూ అడగండి. ఒకటి, ముందు దేన్ని తగ్గిస్తారు. రెండు, అమ్మాయి హెల్త్ ఇన్సూరెన్స్, ల్యాప్‌టాప్ కాలేజీ ఖర్చులో కలిపి లెక్క పెంచుతారా. ఆ ఖర్చు పెరిగితే స్కాలర్‌షిప్‌కి చోటు దొరుకుతుంది. మూడు, రోటరీ వాళ్లని కూడా అడగండి, ఈ ఏడు కొంత వచ్చే ఏడు కొంత ఇస్తారేమో.

తెనాలి_అమ్మ
మేం హెచ్‌4 (హెచ్‌1బీ వాళ్ల కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్నాం. అమ్మాయి ఇక్కడే నాలుగో క్లాసు నుంచి చదివింది. ఫాఫ్సాకి అర్హత లేదు. ఈ దాతల డబ్బు మాలాంటి వాళ్లకి వస్తుందా?

ఎయిడ్_ఆఫీస్_అక్క
వస్తుందండీ, మీలాంటి వాళ్లకి దారే అది. ఫెడరల్ డబ్బుకి పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండాలి, కాలేజీ సొంత నిధికి ఆ నిబంధన లేదు, దాత ప్రత్యేకంగా పెడితే తప్ప. కాకపోతే చాలా కాలేజీలు మీ పాపని ఇంటర్నేషనల్ లెక్కలో చూస్తాయి, ఎయిడ్ అడిగితే సీటు కష్టమవుతుంది. ఎయిడ్ అడిగినా సీటుకి అడ్డు పెట్టనివి తక్కువ: హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్, డార్ట్‌మత్, బౌడన్ లాంటివి. వీటిల్లో డబ్బు అడిగినందుకు సీటు పోదు, వస్తే అవసరం మొత్తం తీరుస్తారు. సీటు రావడమే గగనం, అది మీకూ తెలుసు. వీటితో పాటు మీ స్టేట్ యూనివర్సిటీలో హెచ్‌4 పిల్లలకి ఇన్‌స్టేట్ ఫీజు (ఆ రాష్ట్రం వాళ్లకి ఉండే తక్కువ ఫీజు) ఇస్తారేమో కూడా కనుక్కోండి, రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

సీపీఏ_మూర్తి
పన్ను సంగతి ఎవరూ ఎత్తలేదు. ట్యూషన్‌కి, తప్పనిసరి ఫీజులకి, కోర్సు పుస్తకాలకి పోయిన స్కాలర్‌షిప్ మీద పన్ను లేదు. రూముకి, భోజనానికి పోయిన భాగం పిల్లాడి ఆదాయం కింద లెక్క. దాత ఇచ్చినా, కాలేజీ ఇచ్చినా ఒకటే. జనవరిలో కాలేజీ పంపే 1098-టీ పన్ను ఫారంలో 5వ పెట్టె (స్కాలర్‌షిప్‌లు), 1వ పెట్టె (ట్యూషన్, ఫీజులకి అందిన డబ్బు) పక్కపక్కన పెట్టి చూడండి. 5లో ఎక్కువ ఉంటే మీ సీపీఏతో మాట్లాడండి.

డల్లాస్_నాన్న
అందరికీ చాలా థాంక్స్. అడిగినందుకు ఏమీ తీసేయరని అక్క అన్నారు కదా, ఎయిడ్ ఆఫీసుకి ఈమెయిల్ పెట్టాం. వచ్చే ఏడు ఆ నిధి ఆగిపోతే మా మొత్తం తగ్గుతుందా అని అడిగాం. తగ్గదు, ఆ 18,000 మళ్లీ యూనివర్సిటీ గ్రాంటులోకి వస్తుంది, మా ఆదాయం లెక్క మారితేనే మొత్తం మారుతుంది అని రాసి ఇచ్చారు. శాస్త్రి గారి పోస్టు మా వాడికి చదివి వినిపించాను. ఏమీ అనలేదు, రాత్రి కూర్చుని ఉత్తరం మొదలుపెట్టాడు. కానీ బాబాయి మాట కూడా వదలను. ఆ ఒక్క వాక్యం ముందే రాయండని కాలేజీకి విడిగా రాస్తున్నాను.

బే_ఏరియా_బాబాయి
రాయండి. నన్నూ కాపీలో పెట్టండి.

విజయవాడ_వేణు
ఆలస్యంగా చూశాను. మా మేనల్లుడు ఇక్కడ ఇంటర్ చదువుతున్నాడు, కార్నెల్ యూనివర్సిటీకి పెడతానంటున్నాడు. అక్కడ ఇండియా పిల్లలకి టాటా వాళ్ల స్కాలర్‌షిప్ ఉందంటారు, నిజమేనా? దానికి అప్లికేషన్ ఎక్కడ?

ఎయిడ్_ఆఫీస్_అక్క
నిజమే. 2008లో టాటా ట్రస్టులు దానికి 25 మిలియన్ డాలర్ల ఎండోమెంట్ పెట్టాయి. ఏ సమయంలో చూసినా సుమారు 20 మంది దాని మీద చదువుతుంటారు. భారత పౌరులై ఉండాలి, హైస్కూలు ఇండియాలో చదివి ఉండాలి, డబ్బు అవసరం ఉండాలి. దానికి వేరే అప్లికేషన్ లేదు. అడ్మిషన్‌కి పెట్టేటప్పుడే ఎయిడ్ కావాలని టిక్ పెట్టి, సీఎస్‌ఎస్ ప్రొఫైల్ నింపాలి. అప్పుడు అడగకుండా చేరాక అడిగితే ఇంటర్నేషనల్ వాళ్లకి ఇవ్వరు, అది గట్టిగా చెప్పండి. మీ బావగారి జీతం కాగితాలు, ఐటీ రిటర్నులు, పొలం ఉంటే దాని వివరాలు ఇప్పటినుంచే సిద్ధం చేయించండి. తెలుగులో ఉన్న కాగితాలకి ఇంగ్లిష్ అనువాదం అడుగుతారు.

విజయవాడ_వేణు
పొలం కౌలుకి ఇచ్చాం, కౌలు కాగితం లేదు, నోటిమాటే. అది ఎలా చూపించాలి?

ఎయిడ్_ఆఫీస్_అక్క
ఏడాదికి ఎంత వస్తుందో ఫారంలో వివరణ రాసే చోట ఉన్నదున్నట్టు రాయండి. మీ బావగారు సంతకం పెట్టిన ఒక ఉత్తరం కూడా జత చేయండి. ఇండియా నుంచి వచ్చే ఫైళ్లలో ఇలాంటివి నేను చూస్తూనే ఉంటాను.